గూటిలోని తల్లి, తీరానికొచ్చే తల్లి

దారిలో పక్షిగూడు కనిపించి, తల్లి గుడ్లమీద పొదుగుతూ ఉంటే, ఆ తల్లిని పట్టుకోవద్దన్నది మోషే ధర్మశాస్త్రం (ద్వితీ 22:6,7). చూడడానికి చాలా చిన్న ఆజ్ఞ. కాని దానికి జతచేసిన వాగ్దానం చూడండి: మేలు, దీర్ఘాయుష్షు. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞకూ అదే వాగ్దానం (ద్వితీ 5:16)! నోరులేని తల్లిమీద చూపే కనికరాన్ని దేవుడు అంత గొప్పగా ఎంచాడు.

మన విశాఖ తీరానికి అలాంటి తల్లులు ఏటా వస్తాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం నుండి వేసవి ఆరంభం దాకా రాత్రివేళ ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. 45 నుండి 60 రోజుల్లో ఇసుక వెచ్చదనానికే పిల్లలు బయటికొస్తాయి. కుక్కల పాలు కాకుండా అటవీశాఖవారు గుడ్లను సేకరించి, ఆర్కే బీచ్, సాగర్‌నగర్ వంటిచోట్ల పొదిగించి పిల్లలను సముద్రంలో వదులుతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటిని మొదటి షెడ్యూలులో చేర్చింది.

అయినా చనిపోయిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉన్నాయి. తాబేలు ఊపిరికోసం నీటిపైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే రాలేక, పుట్టి పెరిగిన సముద్రంలోనే ఊపిరాడక చస్తుంది. అది తప్పించుకునేలా వలకు అమర్చే పరికరం ఉంది. దానిగుండా చేపలూ పోతాయని మత్స్యకారుల భయం. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ప్రభువు తొలి శిష్యులు వలలు వేసేవారే కదా! జాలరిని నిందించడం సులభం. ఆ ఖర్చును, నష్టాన్ని ప్రభుత్వం భరించాలని అతని పక్షాన అడగడం న్యాయం.

మరి వల పట్టని మన మాటేమిటి? ఈస్టర్ వచ్చేది సరిగ్గా తాబేలు పిల్లలు పుట్టే కాలంలోనే. చీకట్లో అవి వెలుగున్న దిక్కుకు పాకుతాయి. మన దీపాలు ఒడ్డున వెలిగితే దారితప్పి రోడ్డువైపు వెళ్తాయి. తీరంలో ఉదయకాల ఆరాధన చేసే సంఘాలు సూర్యుడు ఉదయించేదాకా పెద్ద దీపాలు ఆర్పివేస్తే నష్టమేమిటి? మగ్దలేనే మరియ సమాధి దగ్గరకు వెళ్లింది ఇంకా చీకటిగా ఉండగానే (యోహాను 20:1). ఆరాధన ముగిశాక టీ కప్పులు, ప్లాస్టిక్ సంచులు ఏరుకుని వెళ్దాం. గుడ్లు కనబడితే ముట్టుకోకుండా అటవీశాఖకు కబురు చేద్దాం. సండేస్కూలు పిల్లలకూ ఇది నేర్పిద్దాం.

బైబిలులో మొట్టమొదటి ఆశీర్వాదం మనిషికి కాదు, సముద్ర జీవులకూ పక్షులకూ దక్కింది (ఆది 1:22). దేవుడు ఫలించమని దీవించినవాటికి మన తీరంలో కాస్త చోటివ్వడం మన భక్తిలో భాగమే.