నేర్పెడి విధము

గడచిన వానకాలమున భద్రాచలపు టడవి యంచునగల యొక కోయగూడెమున శిక్షణ తరగతి జరిగెను. పట్టణమునుండి వచ్చినవారు స్త్రీలను ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు కూర్చుండబెట్టి, బిడ్డలకు విరేచనములైనపుడు చేయవలసిన యుపచారమును గూర్చి తెలుగున నుపన్యసించిరి. అందరును తలలూచిరి. మేమును ఊచితిమి.

మూడు వారముల పిమ్మట మేమచ్చటికి బోవుసరికి, ఒక తల్లి ఓ.ఆర్.ఎస్. పొట్లమునంతయు చిన్న గ్లాసెడు నీట కలిపి బిడ్డకు త్రాగింపబోవుచుండెను. లీటరు నీటికి తగిన పొడి గ్లాసెడు నీట పడినచో ఉప్పు మితిమీరి బిడ్డ ప్రాణమునకే ముప్పు. మేమడ్డుపడి యాపితిమి. "లీటరని చెప్పిండ్రు గాని, మా యింట్లో లీటరెక్కడుందమ్మా?" అని యామె యడిగినది. మాకు సిగ్గు కలిగెను. తప్పు నేర్చినయామెది కాదు, నేర్పిన విధమునది.

విద్య మనస్సున నెట్లు నిలుచునో పరిశోధించిన పండితులు కలరు. జర్మనీ దేశీయుడు ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తినే పరీక్షించుకొని, క్రొత్తగా నేర్చినది మొదటి దినములలోనే మిక్కిలి జారిపోవునని 1885లో ప్రకటించెను. ఎడమిచ్చి మరల మరల తలచుకొన్నచో నది నిలుచును. పెద్దలు తమ యనుభవముతో ముడివడి, తమ యక్కరకు వచ్చుదానినే శ్రద్ధతో నేర్తురని అమెరికా దేశపు మాల్కం నోల్స్ 1970లో వ్రాసెను. మన సీమలోను నిదర్శనము కలదు. 1943లో ఆదిలాబాదు అడవులలోని మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గారి పూనికతో శిక్షణ కేంద్రము వెలసినపుడు, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిరి. గోండి భాషలో వాచకములు సిద్ధపరచిరి.

ఈ గూడెపు స్త్రీలు 50 ఆకులకొక కట్టగా తునికాకును తప్పక కట్టుదురు. దానిని ఏ యుపన్యాసమున నేర్చిరి? తల్లి వెంట నడచి, చేసి, తప్పి, దిద్దుకొని నేర్చిరి.

కావున మా వారితో నాలోచించి మేము వేరొక తరగతి నేర్పరచితిమి. "ఏమి చెప్పుదము?" అనుట మాని, "ప్రతి తల్లియు ఏమి చేయగలుగవలెను?" అని మొదట నిశ్చయించుకొంటిమి. తన యింటి పాత్రలో, ఒక పొట్లమును సరిగా కలుపుట. కలిపిన నీటిని ఒక దినము దాటినచో పారబోయుట. ఇంతే. ఎవరి గిన్నె వారు తెచ్చుకొనిరి. లీటరు సీసాతో నీరు పోసి, నీరు నిలిచిన చోట గిన్నెపై గీత గీచుకొనిరి. చదువుకొన్న కోయ పడుచు తమ భాషలో చెప్పుచు చేసి చూపెను. పిదప నొక్కొక్కతె చేయగా ప్రక్కవారు దిద్దిరి. మరునాడును, వారమునకును, నెలకును పోయి, మేమేమియు చెప్పక "చేసి చూపుడు" అంటిమి. నెలనాడు ఇద్దరు తప్పిరి. వారికి మరల నేర్పితిమి.

సోదరీమణులారా! క్రొత్తకోడలికి వంటయైనను, పనిమనిషికి మందుల వేళలైనను నేర్పునపుడు "తెలిసినదా?" అని యడిగి తృప్తిపడకుడు. తెలిసినదనియే అందురు. ఆమె చేత చేయించి చూడుడు. నాలుగు దినములు గడచిన పిమ్మట మరల చూడుడు.

మొన్న మేము పోవుసరికి, ఆనాటి తల్లి ప్రక్కయింటి క్రొత్త బాలింత గిన్నెపై తానే గీత గీచుచుండెను.