క్షయ జన్యువులు చదివే తరగతి

క్షయ బ్యాక్టీరియాలో హెచ్37ఆర్‌వీ రకం జన్యుక్రమం 1998లో వెలువడింది. 44 లక్షల బేస్ జతలు, సుమారు 4 వేల జన్యువులు. వాటిలో చాలావాటి పని ఏమిటో అప్పటికి తెలియదు. కొన్నింటి సంగతి ఇప్పటికీ తేలలేదు. 2010లో సీఎస్ఐఆర్ ‘కనెక్ట్ టు డీకోడ్’ పేరిట ఆ జన్యువులకు మళ్లీ వివరణ రాసే పనిలోకి దేశంలోని విద్యార్థులను దించింది. దానికి రసాయనాలు అక్కర్లేదు, నెట్ ఉంటే చాలు.

ఇవాళ ఆ పని ఇంకా తేలిక. జన్యుక్రమాలను పోల్చి చూసే బ్లాస్ట్ ఉచితం. రాస్ట్ సర్వర్‌కు జన్యుక్రమం అప్పగిస్తే జన్యువుల జాబితా దానంతటదే వచ్చేస్తుంది. చిక్కంతా ఆ జాబితాతోనే. సాఫ్ట్‌వేర్ పోలికను బట్టి పేరు పెడుతుంది. డేటాబేస్‌లో ఒక ప్రోటీన్‌కు తప్పు పేరు పడి ఉంటే కొత్తదానికీ అదే అంటుకుంటుంది, అక్కడి నుంచి మరోదానికి. జన్యువు ఎక్కడ మొదలవుతుందన్నదీ తగువే: క్షయ క్రిమిలో ఏటీజీతో పాటు జీటీజీ కూడా తరచూ ప్రారంభ సంకేతం. ఎంపిక తప్పితే ప్రోటీన్ తల తెగిపోతుంది, లేదా లేని తోక ముందుకొచ్చి చేరుతుంది.

మన కళాశాలల్లో చాలాచోట్ల మాత్రం బ్లాస్ట్ అంటే ఇంకా ఐదు మార్కుల ప్రశ్నే. పూర్తి పేరు బట్టీ పట్టి, పోలిక కాకతాళీయమా కాదా చెప్పే ఈ-వాల్యూ చదవడం రాకపోతే ఏం లాభం? రికార్డులో స్క్రీన్‌షాట్ అతికించడం ప్రాక్టికల్ కాదు. పని తెలియక ‘హైపోథెటికల్’ అని ముద్రపడిన ప్రోటీన్ ఒకటి విద్యార్థి చేతికిచ్చి, సెమిస్టరంతా దాని వెంట పడమనండి. ఇంటర్‌ప్రో డేటాబేస్‌లో డొమైన్లు, ఆల్ఫాఫోల్డ్‌లో ఆకృతి వెతికి, పేరు పెట్టడానికి ఆధారం చాలదని తేల్చినా పూర్తి మార్కులు వేయండి.