పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు

మా దోమలగూడలో పదహారేళ్ల కుర్రాడొకడు హాకీ ఆడతాడు. ముందువరుస ఆటగాడు. బంతి అతని కర్రకు అతుక్కున్నట్టే ఉంటుంది. మొన్న ఒక ఎంపికలో "ఆట బాగుంది, ఒడ్డూ పొడుగూ చాలవు" అని పంపేశారట. చదువు మానిపించి ఆటలోనే పెట్టమంటారా అని వాళ్ల నాన్నగారు నన్నడిగారు.

నా మట్టుకు నాకు ఆ తీర్పు సగమే నిజం. హాకీ బంతి ఎక్కువగా నేలమీదే కదా ఉండేది! వంగి ఆడేవాడికి పొట్టితనం సాయమే. పైగా 1990ల చివర్లో ఆఫ్‌సైడ్ నియమం పోయాక చురుకైనవాడికి చోటు పెరిగింది.

నా అనుమానం వేరు. ఈ వయసులో వెనుకవరుసవాళ్లు ఆత్రంగా మీదికొస్తారు, మనవాడు తప్పించుకుపోతాడు. పెద్ద ఆటలో వాళ్లు మీదికి రారు. ఓపిగ్గా అంచుగీత దాకా నెట్టుకుపోతారు. అక్కడ ముగ్గుర్ని దాటడం కన్నా ఒకణ్ణి దాటి బంతి వదలడం ముఖ్యం. వీడికి వదలబుద్ధి కాదు.

మన హైదరాబాదీ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్సుల్లో ముందువరుసలోనే ఆడాడు. అప్పట్లో ఆటగాడికి కూడు పెట్టింది ఇండియన్ ఎయిర్‌లైన్స్ వంటి సంస్థల ఉద్యోగమే. 2024-25లో హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైంది. హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్‌కూ చేరింది. అయితే ఎనిమిది జట్లలో, జట్టుకు నలుగురు చొప్పున, జూనియర్లకు తప్పనిసరిగా దక్కినవి దేశమంతటికీ 32 చోట్లే.

చదువు మానిపించవద్దు, రెండేళ్లు చూడండి అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. రోజూ తెల్లవారుజామున గచ్చిబౌలి టర్ఫు దాకా పిల్లవాణ్ణి తీసుకెళ్లేదెవరన్నది ఇప్పుడు వాళ్లింట్లో చర్చ.