చేవ్రాలు చేయుటకు ముందు

హోసూరు ప్రాంతపు మన తెలుగు బడిలో చదువుచున్న ఒక బాలుని తల్లి మొన్న నా యొద్దకు ఒక కాగితము తెచ్చెను. బాలుడు తరగతిలో కుదురుగా కూర్చుండడనియు, చెప్పినది చెవిని బెట్టడనియు మాట వచ్చినది. పట్టణమందలి వైద్యుడు చూచి, ఈ ప్రశ్నావళిని ఇంటివారును ఉపాధ్యాయులును నింపి తేవలెనని చెప్పెనట. అంతయు ఆంగ్లము. “దీంట్లో ఏం రాయాల, ఐవారూ? సంతకం పెట్టిచ్చేస్తే చాలదా?” అని ఆమె యడిగెను. ఆ ప్రశ్నకు జవాబుగా తల్లిదండ్రులకు నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అవధానలోపము, అతిచాంచల్యము అను స్థితిని వైద్యులు ఏ.డి.హెచ్.డి. యందురు. దానిని పట్టి చూపు రక్తపరీక్ష లేదు. కావున పిల్లల నడవడిని నిత్యము చూచువారిని అడిగి తెలిసికొనవలసి యున్నది. అమెరికాలో కీత్ కానర్స్ అను మనశ్శాస్త్రవేత్త 1969లో ఉపాధ్యాయులు నింపదగిన పట్టిక నొకదానిని ప్రకటించెను. తరువాత ఇట్టివి పెక్కు వచ్చినవి. వానిలో వాండర్‌బిల్ట్ పట్టికయందు మొదట అవధానమును గూర్చి 9, పిమ్మట చాంచల్యమును గూర్చి 9 ప్రశ్నలుండును. ప్రతిదానికి ‘ఎన్నడును లేదు’, ‘అప్పుడప్పుడు’, ‘తరచుగా’, ‘మిక్కిలి తరచుగా’ అను నాలుగింటిలో ఒకటి గుర్తింపవలెను. ఒక వర్గమున 6 ప్రశ్నలకైన ‘తరచుగా’ గాని అంతకు మించి గాని వచ్చి, చదువునకో సాంగత్యమునకో చెరుపు కనబడినచో వైద్యుడు మరింత విచారించును.

బరువంతయు ‘తరచుగా’ అను ఒక్క మాటపై నున్నది, చూచితిరా! ఎవరి లెక్కకు తరచు? పొలముగట్టున అయిదుగురు మనుమలను పెంచిన అవ్వకు పరుగులు పెట్టు పిల్లవాడు పిల్లవాడే. నలువదిమందిని ఒక గదిలో కూర్చుండబెట్టు నావంటి వానికి వాడే కొరకరాని కొయ్య. 1987లో ఆకెన్‌బాక్, ఆయన సహచరులు పూర్వపు పరిశోధనల నెన్నింటినో కూర్చి చూచిరి. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు మొదలగు వేర్వేరు వర్గములవారు ఒకే బిడ్డను గూర్చి యిచ్చిన జవాబుల పొందిక, పూర్తి ఏకీభావము 1 అనుకొనినచో, సగటున 0.28 మాత్రమే తేలినది. ఇంట నొక తీరు, బడిలో నొక తీరు పిల్లలకు సహజము. చూచువారి కన్నులును వేరు.

వయస్సు సంగతియు కలదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాను గూర్చి 2012లో ప్రకటింపబడిన పరిశోధనలో, తరగతిలో అందరికంటె చిన్నవారైన డిసెంబరు పుట్టువు బాలురకు జనవరి పుట్టువు వారికంటె 30 శాతము, బాలికలకు 70 శాతము హెచ్చుగా ఈ నిర్ణయము జరిగెనని తేలినది. (బడికై వ్రాయించిన పుట్టిన తేది వేరు, నిజమైన తేది వేరు అగుటయు మన యూళ్ళలో లేకపోలేదు; వైద్యునికి నిజమైనదే చెప్పుడు.)

మనకు మాత్రము అన్నిటికంటె ముఖ్యమైనది భాష. తమిళనాట 2006 నాటి చట్టముచే బడులలో తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. నేర్చుట మంచిదే. కాని ఇంట తెలుగు తప్ప వినని బిడ్డకు ఆ గంటలో సగము మాటలు అందవు. ‘చెప్పినది విననట్లుండును’, ‘సూచనలను తుదముట్ట పాటింపడు’ అను ప్రశ్నలకు ఆ ఉపాధ్యాయుడు సద్బుద్ధితోనే ‘తరచుగా’ అని గుర్తించును. అది అవధానలోపమో, అర్థము కాకపోవుటయో కాగితము చెప్పలేదు. లక్షణములు ఆరు నెలలైన సాగవలెననియు, కొన్ని 12 ఏండ్లకు ముందే కనబడవలెననియు, ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైన ఉండవలెననియు అమెరికా మనోవైద్యులు 2013లో ప్రకటించిన గ్రంథము చెప్పుచున్నది. మన పిల్లల విషయమున తెలుగు గంటను, తమిళపు గంటను గూడ వేర్వేరుగా విచారింపవలెనని నా అభిప్రాయము.

ఇంతమాత్రమున కాగితమును చింపివేయుడని యనను. ‘పెద్దవాడైన సరిపోవును’ అని ఉపేక్షించియు, బెత్తమును నమ్మియు మనము చెరచిన పిల్లలు నా యెరుకలోనే కొందరు కలరు. అల్లరి యెరుగక కిటికీ వంక చూచుచు కూర్చుండు బాలికను గూర్చి ఎవరును ఫిర్యాదు చేయరు. పట్టికలోని మొదటి 9 ప్రశ్నలు ఆమెను గూర్చియు అడుగుచున్నవి.

ఆ సాయంకాలము ఆ తల్లికి ఒక్కొక్క ప్రశ్నను తెలుగున చదివి వినిపించితిని. నిత్యకృత్యములలో మరపు కలదా అన్నచోట ఆమె నవ్వి, “అది వాళ్ల నాయనకూ ఉండాది” అనెను. ఈ స్థితి కుటుంబములలో వచ్చునది గనుక అదియు వైద్యునికి చెప్పదగిన మాటయే. నా ప్రతి నేను నింపితిని. మరియొక ప్రతిని తమిళ ఉపాధ్యాయునిచే నింపించితిమి. మూడును ఒకదానితో నొకటి కలియలేదు. మూడింటిని తీసికొనిపొమ్మని చెప్పి, బాలుడు ఏ గంటలో ఎట్లుండునో వేరు కాగితమున వ్రాసి యిచ్చితిని. వచ్చు సోమవారము వారు పట్టణమునకు పోవుచున్నారు.