శాపం ఎవరిది? విమోచనం ఎవరిది?

డిస్నీ వారి రాకుమార్తెల యానిమేషన్ చిత్రాలను గురించి మాట వచ్చినప్పుడల్లా ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది. పాత చిత్రాలలో నాయిక నిస్సహాయురాలు, కొత్త చిత్రాలలో ధీరురాలు, కాబట్టి కొత్తవే మేలు. ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. ధైర్యం పాత్రకు చెందిన గుణం. కథ చెప్పడంలోని నేర్పు వేరు. ధీరురాలైన నాయికను పెట్టుకొని కూడా కథను చెడగొట్టవచ్చు. మనుమరాలి పుణ్యమా అని ఈ చిత్రాలను పలుమార్లు చూచాను. ఏండ్ల తరబడి తెలుగు పాఠం చెప్పిన అలవాటు కొద్దీ నా దృష్టి ఇతివృత్త నిర్మాణం మీదికే పోయింది.

ఇందుకు నేను పెట్టుకొన్న కొలబద్ద కాళిదాసు. మహాభారతంలోని శకుంతలోపాఖ్యానంలో దుర్వాసుని శాపం లేదు. దుష్యంతుడు అంతా గుర్తుండే ఎరుగనంటాడు. కాళిదాసు ఆ కథలోకి శాపాన్నీ, ఉంగరాన్నీ తెచ్చాడు. శాపం ఆకాశం నుండి ఊడిపడలేదు. భర్తృచింతలో మునిగిన శకుంతల వాకిట నిలిచిన అతిథి పిలుపు వినలేదు. ఆమె ప్రేమే ఆమె శాపానికి బీజం. ఉంగరం చేప కడుపులో దొరకడం దైవికమే కావచ్చు గాని, ఆ తరువాతి పశ్చాత్తాపాన్ని రాజు స్వయంగా అనుభవించవలసి వచ్చింది. కనుక శాపకథను చూచినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకొంటాను. శాపం ఎందుకు తగిలింది? ఎవరి ఏ పనివల్ల తొలగింది? మూలాన్ని మార్చడం దోషం కాదు. ఆ మార్పు ఈ రెంటినీ ముడివేసిందా, విడదీసిందా అన్నదే విచార్యం.

1937 నాటి ‘స్నో వైట్’ను చూడండి. గ్రిమ్ సోదరుల కథలో మరుగుజ్జులకు పేర్లు లేవు. చిత్రం ఏడుగురికీ ఏడు పేర్లు, ఏడు స్వభావాలు ఇచ్చింది. ఆడపిల్లను ఇంట ఉండనీయరాదని సణిగిన గ్రంపీయే చివరకు ఆమెను కాపాడడానికి అందరికన్న ముందు పరుగెత్తుతాడు. ఇది మెచ్చదగిన కల్పన. విమోచనం దగ్గర మాత్రం కథ పట్టు తప్పింది. గ్రిమ్ కథలో శవపేటిక మోసేవారి కాలు తడబడి, గొంతులోని ఆపిల్ ముక్క బయట పడుతుంది. చిత్రంలో రాకుమారుని ముద్దు ఆ పని చేస్తుంది. అతడు మొదట ఒకసారి కనిపించి, మళ్ళీ చివరనే వస్తాడు. శోకం మరుగుజ్జులది, ఫలం అతనిది.

1959 నాటి ‘స్లీపింగ్ బ్యూటీ’లో శాపం తగిలేది ఉయ్యాలలోని పసికందుకు. తప్పు ఏదైనా ఉంటే మాంత్రికురాలికి పిలుపు పంపని పెద్దలది. అయినా ఈ చిత్రాన్ని నేను తీసివేయను. ముగ్గురు దేవకన్యలు పదహారేండ్లు మంత్రదండాలు మాని, అడవిలో కాపురముండి ఆ బిడ్డను పెంచుతారు. గడువు తీరే చివరి రోజున దుస్తుల రంగు గులాబీయా, నీలమా అని తగవుపడి, మంత్రాలు ప్రయోగించి గుట్టు బయట పెట్టుకొంటారు. చిన్న దౌర్బల్యం నుండి పెద్ద ఆపద పుట్టడం ఉత్తమ కథనం. రాకుమారుని సంకెళ్ళు విప్పినదీ, ఖడ్గమిచ్చినదీ, విసిరిన ఖడ్గానికి మంత్రబలం చేర్చినదీ వారే. అరోరా నిద్రపోతే పోనీయండి, ఈ కథకు నాయికలు ఆ ముగ్గురు.

1989 నాటి ‘ది లిటిల్ మెర్మెయిడ్’లో శాపానికి బదులు ఒప్పందం ఉంది. కాళ్ళ కోసం కంఠస్వరాన్ని ఇచ్చుకొన్నది ఏరియల్. 1837లో వెలువడిన ఆండర్సన్ కథలో జలకన్య తన ప్రాణం దక్కించుకోవాలంటే రాకుమారుని చంపాలి. ఆమె కత్తిని సముద్రంలోకి విసిరివేస్తుంది. ఒప్పందమూ ఆమెదే, ముగింపూ ఆమెదే. చిత్రంలో మంత్రగత్తెను ఎరిక్ చంపుతాడు, కాళ్ళు తండ్రి ప్రసాదిస్తాడు. సుఖాంతం చేసినందుకు నాకు అభ్యంతరం లేదు. ఆమె చేసిన అప్పును ఇతరులు తీర్చారన్నదే నా అభ్యంతరం.

1991 నాటి ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’కు నేను ప్రథమ తాంబూలం ఇస్తాను. 18వ శతాబ్దపు ఫ్రెంచి కథలో తండ్రి కూతురి కోసం గులాబీ కోయడం ఆపదకు మూలం. చిత్రం ఆ గులాబీని శాపంలోకి మార్చింది. ఆశ్రయం కోరి గులాబీ ఇవ్వజూపిన ముసలమ్మను రూపం చూచి వెళ్ళగొట్టినందుకు రాకుమారుడు మృగమయ్యాడు. చివరి రేకు రాలేలోగా ప్రేమించడం నేర్చి, ప్రేమ పొందాలి. తండ్రి ఆపదలో ఉన్నాడని బెల్ తెలుసుకొన్నప్పుడు, తనకిక విమోచనం లేదని తెలిసి కూడా ఆమెను పొమ్మంటాడు. నాడు ఒక స్త్రీకి తలుపు మూసినవాడు నేడు మరొక స్త్రీకి తలుపు తెరిచాడు. శాపబీజానికీ విమోచనానికీ ఇంతకన్న గట్టి ముడి మరే చిత్రంలోనూ నాకు కనిపించలేదు. లోపం లేకపోలేదు. శాపానికి గడువు అతని ఇరవై ఒకటవ ఏడు. దీపపు సెమ్మెగా మారిన సేవకుని పాటను బట్టి శాపం తగిలి పదేండ్లు. అంటే నాటికి అతనికి పదకొండేండ్లు! బాలునికి అంత శిక్షా?

ఇక 2013 నాటి ‘ఫ్రోజెన్’. మంచు తగిలిన ఆనా గుండెకు నిజమైన ప్రేమతో చేసిన పనే మందు. అందరూ ముద్దు అనుకొంటారు. తనను కాపాడ వస్తున్నవాని వైపు పోకుండా, ఆమె అక్క మీదికి లేచిన కత్తికి అడ్డు నిలుస్తుంది. ఆ త్యాగమే మందవుతుంది. నిర్వహణసంధి అంటే ఇది. కాని హాన్స్ పాత్ర ఉందే! తొలి పరిచయంలో ఆనా వెళ్ళిపోయాక, నీటిలో పడి కూడా ఆమె పోయిన వైపే చూచి మురిపెంగా నవ్వుతాడు. మోసగించడానికి అక్కడ మనిషే లేడు. కపటి ఒంటరిగా ఉన్నప్పుడూ నటిస్తే, మోసపోయేది ఆనా కాదు, ప్రేక్షకుడు. రహస్యాన్ని దాచడం కథకుని హక్కు, అబద్ధం చెప్పడం కాదు.

పిల్లల బొమ్మలకు ఇంత మీమాంస ఎందుకని అనవచ్చు. చేసిన పనికీ దాని ఫలానికీ ఉన్న సంబంధాన్ని పిల్లలు మొదట తెలుసుకొనేది కథలలోనే. మనమేమో కథ అడుగున ‘నీతి’ అని ఒక వాక్యం వ్రాయించి, దానికే మార్కులు వేస్తూ వచ్చాము. నాయిక చేతిలో ఖడ్గం ఉన్నదా అని మాత్రమే చూడడం ఆ అలవాటుకు కొత్త రూపం. ఖడ్గం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ముడి వేసిన చేయి, విప్పిన చేయి కనిపించాలి.

నా వరుసలో ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ మొదటిది, లోపంతో కూడా ‘ఫ్రోజెన్’ రెండవది, దేవకన్యల పుణ్యాన ‘స్లీపింగ్ బ్యూటీ’ మూడవది. మీ వరుస వేరైతే కారణంతో సహా చెప్పండి. కారణం లేని మార్కులు నేను ఏనాడూ వేయలేదు.