హక్కు తేల్చమంటే కట్టాల్సిన ఫీజు

పొలం హక్కు తేల్చుకోవడానికి కోర్టుకెక్కే రైతుకు దావా ఏ రకంగా వేయాలన్నదే మొదటి చిక్కు. కోర్టు ఫీజు దాన్నిబట్టే మారుతుంది.

1956 నాటి కోర్టు ఫీజులు, దావాల విలువ కట్టే చట్టమే రెండు తెలుగు రాష్ట్రాల్లో నేటికీ ఆధారం. హక్కు ప్రకటించి స్వాధీనం కూడా ఇప్పించమంటే భూమి మార్కెట్ విలువలో ముప్పాతికపై ఫీజు కట్టాలి. భూమి మన స్వాధీనంలోనే ఉండి, హక్కు ప్రకటనతోపాటు ఇంజంక్షన్ కోరితే సగంపై. హక్కు ఊసెత్తకుండా ఉత్త ఇంజంక్షన్ అడిగితే, వాది తానే చూపిన విలువపై కడితే సాధారణంగా సరిపోతుంది. 40 లక్షల పొలానికి మొదటి దావాలో 30 లక్షలు, రెండోదాంట్లో 20 లక్షలు లెక్కకొస్తాయి. మూడోదాంట్లో కొన్ని వేలు చూపినా దావా నడుస్తుంది.

చేతిలో డబ్బాడని మనిషి మూడో దారే పడతాడు. అతణ్ని తప్పుపట్టలేం. కానీ ప్రతివాది ఇంకో రిజిస్టర్డ్ దస్తావేజు తెచ్చి హక్కు తనదంటే కథ మారిపోతుంది. వాది హక్కుపై నిజంగా నీడ పడ్డప్పుడు ఉత్త ఇంజంక్షన్ చాలదని, హక్కు ప్రకటన కోరాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే. ఏళ్ల తరబడి సాక్ష్యాలు నడిచాక దావా కొట్టేస్తే, మిగిల్చుకున్న ఫీజు ఏమూలకు? పైగా హక్కు ప్రకటన కోరడానికి ఉన్న మూడేళ్ల గడువు ఈలోగా దాటిపోయిందన్న అభ్యంతరమూ ఎదురవుతుంది. అప్పీలుకు వెళ్తే ఫీజు మళ్లీ కట్టాలి.

తెలంగాణలో 2020 చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేశాక ఈ బాధ మరింత ముదిరింది. రికార్డులో తప్పు రాసింది సర్కారు, దిద్దించుకోవడానికి సివిల్ కోర్టులో ఫీజు కట్టింది రైతు. ఇది న్యాయం కాదు. 2025లో వచ్చిన భూభారతి చట్టం అధికారుల దగ్గర అప్పీలుకు వీలిచ్చింది గానీ, సివిల్ దావాల ఫీజు జోలికి వెళ్లలేదు. అధికారిక రికార్డు తప్పిదం వల్ల పుట్టిన హక్కు దావాలకైనా రెండు ప్రభుత్వాలూ ఫీజు ఎత్తేయాలి.

అందాకా ఉన్న దారులైనా జనానికి తెలియాలి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. కోర్టు ఫీజూ అందులో భాగమే. దావా వేసే స్తోమత లేనివారు నిర్ధనులుగా అనుమతి కోరవచ్చు, వివాదంలో ఉన్న ఆస్తిని వారి ఆస్తి కింద లెక్కించరు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన ఫీజు వాపసు వస్తుంది. ప్లెయింటు మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి మండల న్యాయసేవల కమిటీ గడప తొక్కండి.