ఏది రొద? ఏది నాదం? అమెరికా తోటలు నేర్పే పాఠం

శ్రీరామనవమి గడిచిన కొద్ది రోజులకు మా గుడి కమిటీకి ఇరుగుపొరుగు వారి నుండి ఒక ఉత్తరం వచ్చింది. గుడి వెనుక ఖాళీ స్థలంలో మేము చేసిన భజనలో డోలు, తాళాల శబ్దం తమకు ఇబ్బంది కలిగించినదని వారు మర్యాదగానే వ్రాశారు. ఆ స్థలంలోనే ఒక తోట వేయాలని మేము రెండేళ్ళుగా అనుకొంటున్నాము. ఇప్పుడు కమిటీలో రెండు పక్షాలు ఏర్పడినవి. ఇకమీదట ఆరుబయట వాద్యాలే వద్దని కొందరు, పండుగ మన హక్కు గనుక ఎవరికీ తలవంచనక్కరలేదని కొందరు అంటున్నారు. మూడవ దారి ఒకటి ఉన్నదని నా నమ్మకం. అమెరికా నగరాలు తమ తోటలలో శబ్దాన్ని ఎట్లు తీర్చిదిద్దుకొన్నవో చూస్తే ఆ దారి కనబడుతుంది.

ముందు మాటల సంగతి. తెలుగు తిరిగి నేర్చుకొంటున్నవారు దీనిని గమనించాలి. చెవికి వినబడేదంతా శబ్దమే. కాని ఆకులు కదిలితే సవ్వడి, నీరు రాళ్ళ మీద పారితే గలగల, యంత్రాలు చేసేది రొద, పదిమంది ఒక్కసారి మాట్లాడితే గోల, సన్నాయి నుండి వచ్చేది నాదం. డెసిబెల్ అనే కొలత శబ్దం ఎంత బిగ్గరగా ఉన్నదో చెబుతుంది. అది రొదో నాదమో చెప్పలేదు. కెనడా సంగీతకారుడు ఆర్. మరీ షేఫర్ 1977లో ప్రచురించిన గ్రంథం ఈ భేదం మీద లోకానికి దృష్టి కలిగించింది. 2014లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కూడా, శబ్ద వాతావరణం అంటే ఒక చోట, ఒక సందర్భంలో, మనుషులు విని అనుభవించేది అని నిర్వచించింది.

ఈ భేదం నాకు పుస్తకం వలన తెలియలేదు, ఒక హోటలులో తెలిసింది. మనుమరాలి వాలీబాల్ పోటీల కోసం మా కుటుంబం సియాటిల్ వెళ్ళింది. ఇటువంటి పోటీలలో నిర్వాహకులు చూపిన హోటళ్ళలోనే దిగాలనే నియమం చాలాచోట్ల ఉన్నది. అందుచేత మా అంతస్తు నిండా ఆటల పిల్లలే. రాత్రి పదకొండు గంటలకు నడవాలో పరుగులు, కేకలు. నేను విసిగి, క్రిందికి ఫోను చేసి ఫిర్యాదు చేశాను. కాసేపటికి మనుమరాలు గదిలోకి వచ్చి, "తాతా, ఎవరో మా మీద ఫిర్యాదు చేశారట!" అన్నది. నేను నోరు మెదపలేదు. మరునాడు ఆ పిల్లలే ఆటలో కేకలు వేస్తుంటే నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

ఆ ఉదయం పోటీలకు ముందు నడిచి ఫ్రీవే పార్కుకు వెళ్ళాను. ఐదవ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీదనే కట్టిన ఈ తోట 1976 జూలై 4న ప్రారంభమైనది. లారెన్స్ హాల్‌ప్రిన్ సంస్థలో ఆంజెలా డానాజీవా దీనికి రూపం ఇచ్చారు. క్రింద వేలాది వాహనాలు పోతున్నా, కాంక్రీటు మెట్ల మీదుగా దూకే నీటి దగ్గర నిలబడితే చెవి ఆ నీటినే పట్టుకొంటుంది. న్యూయార్కులో 53వ వీధిలోని పేలీ పార్కు 1967 నుండి ఇదే పని చేస్తున్నది. అది ఎకరంలో పదవ వంతు మాత్రమే. వెనుక గోడ మీద ఇరవై అడుగుల జలపాతం ఉన్నది.

ఇక్కడ ఒక పొరపాటు పడకూడదు. నీరు రహదారి రొదను తగ్గించదు, దానిని కప్పివేస్తుంది. నీటి శబ్దంలో సన్నని, బొంగురు స్వరాలు అన్నీ కలిసి ఉంటవి గనుక చెవికి మిగిలిన శబ్దం విడిగా తెలియదు. రొదను నిజంగా తగ్గించాలంటే అడ్డు కావాలి. శబ్దం పుట్టే చోటు కంటికి కనబడనంత ఎత్తుగా గోడ కడితే సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుందని అమెరికా రహదారుల శాఖ లెక్క. మట్టికట్ట కూడా అదే పని చేస్తుంది. ఒక వరుస చెట్లు మనసుకు హాయినిస్తవి గాని, శబ్దాన్ని పెద్దగా ఆపవు. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

అన్నిటికన్న చౌకైన ఉపాయం శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర మ్యూర్ వుడ్స్ అడవిలో దొరికింది. అది నగరపు తోట కాదు గాని, పాఠం మాత్రం మనకు పనికివచ్చేదే. "ఇక్కడ నిశ్శబ్దం పాటించండి" అని పలకలు పెట్టి పరిశోధకులు కొలిచినప్పుడు శబ్దం సుమారు 3 డెసిబెల్స్ తగ్గినది. అనగా శబ్దశక్తి సగమైనది. గోడ లేదు, జరిమానా లేదు, అడిగారు, అంతే.

యంత్రాల విషయంలో ప్రభుత్వాలు గట్టి నిర్ణయాలే తీసుకొన్నవి. పెట్రోలుతో ఆకులు ఊదే యంత్రాల వాడకాన్ని వాషింగ్టన్ నగరం 2022 నుండి నిషేధించినది. కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, అటువంటి చిన్న ఇంజన్ల కొత్త అమ్మకాలను 2024 నుండి ఆపే ఏర్పాటు చేసింది. యంత్రాన్ని మార్చవచ్చు, బ్యాటరీతో నడిచేది కొనవచ్చు. డోలు మాటేమిటి?

న్యూయార్కులో హార్లెమ్‌లోని మార్కస్ గార్వీ పార్కులో 1969 నుండి వేసవి శనివారాలలో డోలు వాయించేవారు కూడుతూ వచ్చారు. ప్రక్కన కొత్త ఇళ్ళు వచ్చిన తరువాత ఫిర్యాదులు మొదలై, 2008లో ఆ వివాదం పత్రికలకెక్కింది. పార్కులోనే వారికి వేరొక చోటు చూపించారు. 2015లో ఓక్లాండ్‌లో మెరిట్ సరస్సు ఒడ్డున వాద్యకారుల మీద ఒక నివాసి ఫిర్యాదు చేయగా పోలీసులు వచ్చారు. ఊరిలో చాలామంది వాద్యకారుల పక్షాన నిలిచారు.

తోటల నుండి వచ్చిన మనకు ఈ కథ కొత్త కాదు. స్టోనో తిరుగుబాటు తరువాత దక్షిణ కరొలీనా 1740లో చేసిన చట్టం బానిసలకు డోళ్ళు, కొమ్ములు నిషేధించింది. 1884లో ట్రినిడాడ్‌లో హోసే ఊరేగింపును ఆపడానికి పోలీసులు కూలీల మీద కాల్పులు జరపగా పలువురు మరణించారు. మా తాతగారు మద్రాసు రేవున ఓడ ఎక్కి ఫిజీ చెరకు తోటలకు గిర్మిట్ కూలీగా వెళ్ళినవారు. తెల్లవారకముందే లైన్లలో గంట కొట్టి అందరినీ లేపేవారని నాయనమ్మ చెప్పేది. ఆదివారం రాత్రి భజనలో మ్రోగేది మాత్రం తమ సొంత గంట అని ఆమె అనేది. అదీ గంటే, ఇదీ గంటే. ఎవరు కొట్టారు, ఎవరి కోసం కొట్టారు అన్నదే తేడా.

అయినా ఈ చరిత్రను అడ్డం పెట్టుకొని పొరుగువారి నిద్ర చెడగొట్టడం న్యాయం కాదు. ఉత్తరం వ్రాసినవారు తోట దొరలు కారు. పసిబిడ్డలున్నవారు, రాత్రి ఉద్యోగం చేసి పగలు పడుకొనేవారు కావచ్చు. అందుచేత కమిటీ ముందు నేను ఉంచుతున్న ప్రతిపాదన ఇది. భజన వేదిక పొరుగు ఇళ్ళకు అన్నిటికన్న దూరమైన మూలలో ఉండాలి. ఇళ్ళ వైపు మట్టికట్ట వేసి మల్లె, కరివేపాకు నాటాలి. తిరిగి వాడుకొనే నీటితో ఒక చిన్న ధార ఆ కట్ట ప్రక్కనే పారాలి. మన రాష్ట్రంలో నీటి కరవు సంగతి మరువరాదు. లౌడ్‌స్పీకర్లు ఆరుబయట వద్దు. డోలు, తాళాలు, గొంతులు చాలు. పండుగ తేదీలు సంవత్సరారంభంలోనే పొరుగువారికి తెలిపి, రాత్రి తొమ్మిదికల్లా ముగించాలి. తోట నమూనా గీసే ముందే వారిని పిలిచి కూర్చోబెట్టాలి.

వాద్యాలను పూర్తిగా లోపలికి తీసుకుపోతే ఫిర్యాదు ఉండదు, నిజమే. కాని గుడి లోపలికి రాని పిల్లలకు, తోటలో ఆడుకొనే మన మనుమలకు ఆ డోలు ఎన్నడూ వినబడదు. వచ్చే సమావేశంలో నా ఓటు తోటకూ, డోలుకూ, మట్టికట్టకూ కలిపే పడుతుంది. అంతకుముందు ఉత్తరం వ్రాసినవారి ఇంటికి నేనే స్వయంగా వెళ్ళి, ఏ వేళ ఏ శబ్దం వారిని బాధించినదో అడిగి వస్తాను.